ఋగ్వేదాన్ని ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

పది మండలాలు (భాగాలు), 1028 సూక్తాలు (స్తుతిగీతాలు), పదివేలకు పైగా మంత్రాలు ఉన్న ఋగ్వేద సంహితను మొదటి పుట నుంచి వరుసగా చదవబూనితే, 191 సూక్తాల మొదటి మండలంలోనే ఓపిక సన్నగిల్లుతుంది. ఆ వరుస పాటించనక్కరలేదు. వేదం అపౌరుషేయమని (మనుషులు రచించినది కాదని), ఋషులు మంత్రాలను దర్శించారే గాని రచించలేదని సంప్రదాయం చెబుతుంది. భాషను, నదుల పేర్లను పరిశీలించిన పండితులలో అధికులు ఈ సూక్తాలు సుమారు క్రీ.పూ. 1500–1000 మధ్య సప్తసింధు (నేటి పంజాబు, దాని పరిసరాల) ప్రాంతంలో వెలువడ్డాయని, సంకలనం ఆ తరువాత దశలవారీగా జరిగిందని భావిస్తారు.

అంటే పుటల వరుస కాలక్రమం కాదు; అందువల్ల రెండు నుంచి ఏడు వరకు ఉన్న మండలాలతో ప్రారంభించడం మేలు. ఇవి వరుసగా గృత్సమద, విశ్వామిత్ర, వామదేవ, అత్రి, భరద్వాజ, వసిష్ఠ వంశాలకు చెందినవి, సంహితలో ప్రాచీనమైన భాగం కూడా ఇదే. ప్రతి సూక్తానికీ ముందు ఋషి, దేవత, ఛందస్సు పేర్కొని ఉంటాయి; చాలామంది దాటవేసే ఆ పంక్తిని తప్పక చదవాలి.

ఈ మండలాల కూర్పులో ఒక క్రమం ఉంది. ముందు అగ్ని, తరువాత ఇంద్రుడు, ఆపైన తక్కిన దేవతలు. ఒక్కొక్క దేవత సూక్తాలలో మంత్రాల సంఖ్య సాధారణంగా తగ్గుతూ పోతుంది. రెండవ మండలంలోని మొదటి పది అగ్ని సూక్తాలలో మంత్రాలు వరుసగా 16, 13, 11, 9, 8, 8, 6, 6, 6, 6. పదకొండవది ఇంద్రసూక్తం, అక్కడ సంఖ్య మళ్ళీ 21కి పెరుగుతుంది. ఈ వరుస తప్పిన చోట ఆగి కారణం వెతకాలి. గాయత్రీ మంత్రం ఉన్న 3.62 (మూడవ మండలం, 62వ సూక్తం) ఆ మండలంలో చివరి సూక్తమైనా అందులో 18 మంత్రాలున్నాయి. దేవతలను గమనిస్తే అది మూడేసి మంత్రాల ఆరు గుచ్ఛాల కలయిక అని, గాయత్రి సవితృ దేవతను (సూర్యుణ్ణి) స్తుతించే నాలుగవ గుచ్ఛంలో మొదటి మంత్రమని తెలుస్తుంది. నా దృష్టిలో, అర్థవివరణలలోకి దిగేముందు పాఠకుడు ఇటువంటి పరిశీలన ఒక్కటైనా స్వయంగా చేయాలి.

సోమాన్ని (యజ్ఞంలో పిండే సోమరసాన్ని) స్తుతించే తొమ్మిదవ మండలాన్ని కొంత చూస్తే చాలు. అర్థానికి సాయణభాష్యం (సాయణాచార్యుడి వేదవ్యాఖ్యానం) అవసరమే గాని, అది విజయనగర రాజుల కాలంలో, 14వ శతాబ్దంలో, ప్రధానంగా యజ్ఞదృష్టితో రాసినదని గుర్తుంచుకోవాలి.

పదవ మండలాన్ని చివరికి ఉంచుకోవాలి. సృష్టి ఎలా మొదలైందని ప్రశ్నించే నాసదీయ సూక్తం (10.129), పురుషసూక్తం (10.90) అక్కడే ఉన్నాయి. తెలుగునాట కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖీయులే ఎక్కువ గనుక మన ఆలయాలలో సాధారణంగా వినిపించే పురుషసూక్తం ఆ శాఖకు చెందిన తైత్తిరీయారణ్యకం అనే గ్రంథంలోనిది. అందులో 18 మంత్రాలుంటే ఋగ్వేద పాఠంలో 16 మాత్రమే ఉన్నాయి. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివితే ఏ మంత్రాలు అదనమో, వరుస ఎక్కడ మారిందో తేలికగా గుర్తించవచ్చు.