ఆచూకీ దొరకని విమానం ఉదంతాన్ని పరిశీలించే పద్ధతి: హవాయి క్లిప్పర్, 1938

సముద్రం మీద మాయమైన విమానాల గురించి చదవబోయేవారికి ముందుగా ఎదురయ్యేవి ఊహాగానాలే. నిజంగా నమోదైన సంగతులను వాటి నుంచి వేరు చేయడం ఎలాగో పాన్ అమెరికన్ సంస్థ నడిపిన హవాయి క్లిప్పర్ ఉదంతం ఆధారంగా వివరిస్తాను. నీటి మీద దిగి, నీటి మీదనుంచే ఎగిరే ఈ నాలుగు ఇంజన్ల మార్టిన్ ఎం-130 విమానం 1938 జులైలో తొమ్మిది మంది సిబ్బందితో, ఆరుగురు ప్రయాణికులతో గ్వామ్ నుంచి మనీలాకు బయలుదేరి దారిలో అదృశ్యమైంది.

మొదట తేదీని సరిచూసుకోండి. కొన్ని చోట్ల జులై 28 అనీ, కొన్ని చోట్ల 29 అనీ కనిపిస్తుంది, రెండూ సరైనవే. చివరి సందేశం మనీలా కాలమానం ప్రకారం 29వ తేదీ మధ్యాహ్నం 12 గంటల 11 నిమిషాలకు అందింది. అప్పటికి అమెరికాలో చాలా చోట్ల 28వ తేదీ ఇంకా ముగియలేదు. అందుచేత ప్రతి సమయాన్నీ గ్రీనిచ్ కాలమానంలోకి (ఇక్కడ 04:11) మార్చుకున్న తర్వాతే సంఘటనలను వరుసలో పేర్చాలి.

దూరం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. గమ్యానికి ఇంకా 565 మైళ్లు ఉందన్న అంకె తరచూ కనిపిస్తుంది. అవి నౌకా మైళ్లయితే 1,046 కిలోమీటర్లు, మామూలు మైళ్లయితే 909 కిలోమీటర్లు. పైగా ఆ దూరాన్ని ఒకరు మనీలా నుంచీ, మరొకరు ఫిలిప్పీన్స్ తీరం నుంచీ లెక్కిస్తారు. దీన్ని తేల్చుకోకుండా పటంపై గుర్తు పెడితే వెతకవలసిన ప్రాంతమే మారిపోతుంది.

ఇక చివరి సందేశాన్ని ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ ఉదంతంలో అతి విలువైన సాక్ష్యం అదే. మబ్బుల పొరల మధ్య, కొంత కుదుపులున్న గాలిలో ప్రయాణిస్తున్నామని విమానం తెలియజేసింది. వాన వల్ల రేడియోలో రొద వస్తోందని, కాసేపు ఆగమని విమానంలోని రేడియో ఆపరేటర్ కోరాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా బదులు రాలేదు. ఆపద సంకేతం అందలేదు కనుక ప్రమాదం క్షణాల్లో జరిగిందని పలువురు తేల్చేస్తారు. అది సాధ్యమే, కానీ పంపిన సంకేతాన్ని ఆ రొదే మింగేసి ఉండవచ్చు కూడా. ఒకే మౌనానికి రెండు కారణాలు కుదురుతున్నప్పుడు రెండింటినీ రాసి ఉంచడమే న్యాయమని నా అభిప్రాయం.

గాలింపులో దొరికినదాన్నీ దొరకనిదాన్నీ సమానంగా నమోదు చేయండి. అమెరికా సైనిక రవాణా నౌక మెగ్స్ ఆ ప్రాంతంలో ఒక నూనె తెట్టును చూసింది, కానీ అది క్లిప్పర్‌దేనని రుజువు కాలేదు. శకలాలేవీ దొరకలేదు, దర్యాప్తు కూడా కారణాన్ని తేల్చలేకపోయింది. పోల్చి చూడటానికి అదే ఏడాది జనవరిలో అమెరికన్ సమోవాలోని పాగో పాగో వద్ద కూలిన అదే సంస్థ విమానం సమోవన్ క్లిప్పర్ ఉపయోగపడుతుంది. ఇంజన్ నూనె కారుతోందని దాని సిబ్బంది ముందే తెలిపారు, తర్వాత శకలాలూ లభించాయి. అందువల్ల ఇంధనాన్ని బయటికి వదిలేటప్పుడు పేలుడు జరిగిందన్న నిర్ణయానికి ఆధారం ఉంది. హవాయి క్లిప్పర్‌కు అటువంటి ఆధారం ఒక్కటీ లేదు.

జపాన్ వారు విమానాన్ని అపహరించారన్న వాదాన్నీ, ఒక ప్రయాణికుడి వద్ద అప్పట్లో జపాన్‌తో యుద్ధం చేస్తున్న చైనా సహాయార్థం పెద్ద మొత్తంలో డబ్బు ఉందన్న మాటనూ చివరకు మాత్రమే తీసుకోండి. ఆ మాట మొదట ఎప్పుడు, ఎవరి నోట వెలువడింది, చెప్పినవారు కళ్లారా చూశారా అని అడగండి. డబ్బు ఉండటం నిజమే అయినా, అది దొంగతనానికి కారణం కాగలదే తప్ప దొంగతనం జరిగిందనడానికి సాక్ష్యం కాదు. శకలాలు దొరకకపోవడాన్ని కూడా అపహరణకు రుజువుగా చూపకండి: ఆ మార్గంలో సముద్రం చాలా చోట్ల ఐదు కిలోమీటర్లకు మించిన లోతు ఉంటుంది, వెతికిన నౌకల వద్ద అడుగును చూడగల సాధనాలు లేవు.