టోర్ మీదుగా డెబియన్ అప్‌డేట్: నెట్ తెగినా సిస్టమ్ చెడకుండా ఎలా చేయాలి?

టోర్ అంటే ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, కొన్ని మజిలీ కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపే నెట్‌వర్క్. దాని మీదుగా అప్‌డేట్ చేస్తే డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌కు మీ ఐపీ చిరునామా తెలియదు. మీ లాప్‌టాప్‌లో ఏయే ప్యాకేజీలు ఉన్నాయో, వాటిలో ఏవి పాతబడ్డాయో బ్రాడ్‌బ్యాండ్ వాళ్లకు కనిపించదు. బదులుగా వేగం పోతుంది. దానికి తోడు హైదరాబాద్‌లో గట్టిగా ఓ గాలివాన కొడితే స్తంభాల మీది కేబులూ తెగుతుంది, కరెంటూ పోతుంది. డౌన్‌లోడ్ ఎన్నిసార్లు ఆగినా నష్టం లేదు. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితేనే తలనొప్పి. అందుకే ఈ రెండు పనులనూ విడివిడిగా చేయాలి. కింద చెప్పినవి డెబియన్ 12, 13లకు పనికొస్తాయి. ఆదేశాలను పలికే తీరులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ముందు గడియారం చూడండి

చాలామంది వదిలేసేది ఇదే. టోర్ నెట్‌వర్క్‌లోని మజిలీల జాబితా గంటకోసారి కొత్తది వస్తుంది, ఒక్కో జాబితా చెల్లుబాటు 3 గంటలు. సమయం బాగా తప్పితే టోర్ అసలు కనెక్టే అవదు. డెబియన్‌లో ప్యాకేజీలను దించి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ కూడా ఊరుకోదు. గడియారం వెనకబడి ఉంటే రిలీజ్ ఫైల్ (ప్యాకేజీల జాబితాకు తేదీ, సంతకం ఉండే ఫైల్) ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, మరో 5 గంటలు ఆగాలి’ అన్న ధోరణిలో ఎర్రర్ ఇస్తుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే అనుమానం అక్కర్లేదు. విండోస్‌తో పాటు లినక్స్ ఉన్న మెషీన్లలో ఒకటి హార్డ్‌వేర్ గడియారాన్ని మన సమయంగా, రెండోది యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంటుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొడితే రెండూ కనిపిస్తాయి. తేదీ ఏకంగా ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లకు సీఆర్2032 బిళ్ల సరిపోతుంది, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు.

ఒక్క మాట: నెట్‌లో డేటా పంపే పద్ధతుల్లో టోర్ టీసీపీని మాత్రమే మోస్తుంది. గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ వాడేది యూడీపీ అనే వేరే పద్ధతి కాబట్టి ఆ పని మామూలు నెట్ మీదే జరుగుతుంది.

టోర్, ఆప్ట్‌ను కలపడం

‘టోర్’, ‘ఆప్ట్-ట్రాన్స్‌పోర్ట్-టోర్’ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయండి. ఈ ఒక్కసారికి మామూలు నెట్ వాడక తప్పదు. తర్వాత ‘జర్నల్‌సీటీఎల్ -యు టోర్@డిఫాల్ట్’ చూసి, ‘బూట్‌స్ట్రాప్డ్ 100%’ లైను వచ్చాకే ముందుకెళ్లండి. సిస్టమ్ టోర్ 9050 పోర్టులో వింటుంది. టోర్ బ్రౌజర్‌ది 9150. దాన్ని తెరిచి ఉంచినంత మాత్రాన ఆప్ట్‌కు ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్ తెరిచి చిరునామాలు మార్చండి. 2016 నుంచి డెబియన్‌కు సొంత ఆనియన్ సర్వీసులు (టోర్ లోపలే అందే సర్వర్లు) ఉన్నాయి, జాబితా ఆనియన్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. అక్కడి నుంచే కాపీ చేసుకోండి. పాత పాఠాల్లో కనిపించే 16 అక్షరాల చిరునామాలు 2021 నుంచి పనిచేయడం లేదు. ఇప్పటివి 56 అక్షరాలవి. ప్రధాన రిపోకు (ప్యాకేజీల భాండాగారానికి) ఒకటి, సెక్యూరిటీ రిపోకు వేరే ఒకటి ఉంటాయి, రెండూ మార్చాలి. చిరునామా ముందు ‘హెచ్‌టీటీపీ’ బదులు ‘టోర్+హెచ్‌టీటీపీ’ అని పెట్టడం మరవకండి. మరిస్తే ఆప్ట్ .ఆనియన్‌కు నేరుగా వెళ్లనని మొండికేస్తుంది. అలా అడ్డుపడటం మన మంచికే.

ఆనియన్ దారిలో మజిలీలు ఎక్కువ, కానీ ఎగ్జిట్ నోడ్ (టోర్ నుంచి మామూలు నెట్‌లోకి దాటించే చివరి మజిలీ) ఉండదు. ప్యాకేజీలకు సంతకాల తనిఖీ ఉంది కదా, ఎగ్జిట్ నోడ్‌తో భయమేంటని అడగొచ్చు. 2019 జనవరిలో ఆప్ట్‌లో బయటపడ్డ సీవీఈ-2019-3462 అనే భద్రతా లోపం సరిగ్గా ఆ తనిఖీనే తప్పించుకుంది. దారిలో ఉన్నవాడు రీడైరెక్ట్‌ను (వేరే చిరునామాకు మళ్లించే జవాబును) తారుమారు చేస్తే చాలు. కాబట్టి కాస్త నెమ్మదైనా ఆనియనే మేలు.

సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో బయటి కంపెనీల బ్రౌజర్లు, ఎడిటర్ల రిపోలు ఉంటే అవి నేరుగానే వెళ్తాయి. ఫ్లాట్‌పాక్, స్నాప్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు కూడా అంతే. వాటి సంగతి విడిగా చూసుకోవాలి.

ఓపిక పెంచే సెట్టింగులు

ఆప్ట్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పెట్టి మూడు లైన్లు రాయండి. ‘అక్వైర్::హెచ్‌టీటీపీ::టైమౌట్’ 120. కొత్త ఆప్ట్‌లో మామూలుగా ఉండే 30 సెకన్లు టోర్‌కు చాలవు. ‘అక్వైర్::రీట్రైస్’ 10. ‘అక్వైర్::లాంగ్వేజెస్’ నన్ అని పెడితే ప్యాకేజీ వివరణల అనువాదాలు దిగవు, ఆ భారం తగ్గుతుంది.

డౌన్‌లోడ్

‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’ చేసి, తర్వాత ‘ఆప్ట్-గెట్ --డౌన్‌లోడ్-ఓన్లీ --విత్-న్యూ-పీకేజీఎస్ అప్‌గ్రేడ్’ ఇవ్వండి. రెండో ఆప్షన్ లేకపోతే కొత్త కెర్నెల్ లాంటివి పక్కన ఉండిపోతాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీదైతే ఆప్ట్ చూపే మొత్తం సైజును ఆ రోజు మిగిలిన డేటాతో పోల్చుకున్నాకే ‘వై’ నొక్కండి.

మధ్యలో తెగితే అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి. సగం దిగిన ఫైళ్లు /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్/పార్షియల్‌లో ఉంటాయి, ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. విసుగొచ్చి ‘ఆప్ట్ క్లీన్’ కొట్టారో, అంతా మొదటికొస్తుంది. స్పీడు మరీ పడిపోతే టోర్‌ను రీస్టార్ట్ చేయండి. దారి మారుతుంది, మొదటి మజిలీ అయిన గార్డ్ మాత్రం అదే ఉంటుంది. గార్డ్ మారాలని టోర్ స్టేట్ ఫైల్ చెరిపేసే చిట్కా ఒకటి తిరుగుతోంది. దాని జోలికి పోవద్దు, గార్డ్ ఎక్కువ కాలం మారకుండా ఉండటమే మీకు రక్షణ.

404 ఎర్రర్ (ఫైల్ దొరకలేదని) వస్తే జాబితా పాతబడిందని అర్థం. ‘అప్‌డేట్’ మళ్లీ చేస్తే సరి. లాక్ దొరకలేదంటే వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది, దాన్ని ముగియనివ్వండి. లాక్ ఫైల్ చెరపకండి.

ఇన్‌స్టాల్

అన్నీ దిగాక బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడో, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీదో పై అప్‌గ్రేడ్ ఆదేశాన్నే ‘--డౌన్‌లోడ్-ఓన్లీ’ బదులు ‘--నో-డౌన్‌లోడ్’ పెట్టి నడపండి. దీనికి నెట్ అక్కర్లేదు, రూటర్ ఆపేసినా పర్వాలేదు. టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల నడిపితే టెర్మినల్ విండో మూసుకుపోయినా పని ఆగదు. లాప్‌టాప్ మూత వేయకండి. అయినా కరెంటు పోయి ఆగిపోతే, తిరిగి ఆన్ చేసి ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’, ఆ తర్వాత ‘ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్’ ఇవ్వండి. చాలావరకు కోలుకుంటుంది.

ఇంట్లో అదే డెబియన్ వెర్షన్, అదే ఆర్కిటెక్చర్ ఉన్న రెండో లాప్‌టాప్ ఉంటే ఈ కష్టం రెండుసార్లు పడక్కర్లేదు. ఇన్‌స్టాల్ అయ్యాక ‘ఆప్ట్’ ఆదేశం డెబ్ ఫైళ్లను (దిగిన ప్యాకేజీలను) చెరిపేస్తుంది, ‘ఆప్ట్-గెట్’ ఉంచుతుంది. ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి రెండో మెషీన్ ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో వేయండి. అక్కడ ‘అప్‌డేట్’ మాత్రం టోర్ మీదుగా చేయాల్సిందే. ఆ జాబితాలోని హ్యాష్‌లతో (ఫైళ్ల వేలిముద్రల్లాంటి కోడ్‌లతో) సరిపోలిన ఫైళ్లను వాడుకుని, లేనివాటినే ఆప్ట్ దించుకుంటుంది.