క్రీము విరగకుండా కలపాలంటే

ఎంవీపీ కాలనీలో మా వంటింట్లో, అమ్మ పాదాల పగుళ్ల కోసం మొదటిసారి చేసిన క్రీము రెండో రోజుకే విరిగింది. పైన నూనె, అడుగున నీళ్లు. తేనెమైనం వేశాను కదా అనుకున్నాను. మైనం చిక్కబరుస్తుందే గానీ, అదొక్కటే నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచలేదు.

ఆ పని ఎమల్సిఫైయర్‌ది. దాని అణువుకి ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నూనెలోకి దిగుతుంది. అలా ప్రతి నూనె బొట్టు చుట్టూ పొరలా అల్లుకుని, బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. గిన్నెల జిడ్డు వదిలించే సబ్బుదీ ఇదే గుణం. ఇలా రెండు కొసలున్న పదార్థాల్ని సర్ఫాక్టెంట్లు అంటారు, ఇవి రెండూ అవే.

100 గ్రాములకి: డిస్టిల్డ్ వాటర్ 73, గ్లిజరిన్ 3, నువ్వుల నూనె 17, ఎమల్సిఫైయింగ్ వాక్స్ (తేనెమైనం కాదు, మన ఎమల్సిఫైయర్ ఇదే) 6, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ (క్రీము పాడవకుండా ఆపేది) 1. చెంచాలతో కాదు, కాటా మీద తూచండి. నీళ్లూ గ్లిజరిన్ ఒక గిన్నెలో, నూనే వాక్సూ ఇంకో గిన్నెలో పెట్టి, రెండింటినీ 70–75 డిగ్రీలకి వేడి చేయండి. నీళ్లు చల్లగా ఉంటే వాక్స్ పలుకులు కడుతుంది. నూనెని నీళ్లలో పోస్తూ హ్యాండ్ బ్లెండర్‌తో 2 నిమిషాలు తిప్పి, చల్లారేదాకా మధ్యమధ్య కలపండి. 40 డిగ్రీలకి దిగాక ప్రిజర్వేటివ్. మన విశాఖ ఉక్కలో అది లేకపోతే బూజు పట్టేస్తుంది, దయచేసి మానకండి. ఈ ఉప్పుగాలికి నూనె ఎక్కువైతే ఒళ్లంతా జిడ్డే, అందుకే నేను 17 దాటను.