పసిబిడ్డ రక్తంలో ఫంగస్ చేరితే: ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే తీరు ఎలా చూడాలి

వెయ్యి గ్రాముల లోపు బరువుతో పుట్టి, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన సన్నని గొట్టం), ఐవీ లిపిడ్ (సిర ద్వారా ఇచ్చే కొవ్వు పోషకం), రెండు మూడు యాంటీబయాటిక్స్ మీద ఉన్న బిడ్డకు నిన్న 1,80,000 ఉన్న ప్లేట్‌లెట్లు ఇవాళ 60,000కు పడ్డాయంటే, బ్యాక్టీరియాతో పాటు క్యాండిడా అనే ఫంగస్‌నూ అనుమానించండి. జ్వరం రావాలని చూడొద్దు. ఆప్నియా (ఊపిరి ఆగిపోవడం), పాలు ఇమడకపోవడం, షుగర్ పెరగడం ముందు కనిపించవచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోవడం ఫంగస్‌కే ప్రత్యేకం కాదు, గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా రక్తంలో చేరిన సెప్సిస్‌లోనూ ఇంతే. అయితే యాంటీబయాటిక్స్ నడుస్తున్నా రోజుల తరబడి కోలుకోకపోతే అనుమానం బలపడాలి.

లోపల జరిగేది ఇది. క్యాండిడా గోడలోని బీటా గ్లూకాన్ తగలగానే మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్‌ను బయటపెడతాయి. త్రాంబిన్ అనే గడ్డకట్టించే ఎంజైమ్ పుట్టి చిన్న రక్తనాళాల్లో గడ్డలు కడుతుంది. ఆ గడ్డల్లో ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ (గడ్డకు దారాలిచ్చే ప్రొటీన్) ఖర్చైపోతాయి. ఈ వేగానికి కళ్లెం వేయాల్సిన యాంటీత్రాంబిన్, ప్రొటీన్ సి నెలలు నిండని బిడ్డలో పెద్దవాళ్లకంటే బాగా తక్కువ. ఖర్చైనవాటిని మళ్లీ తయారుచేసే శక్తీ తక్కువే. అందుకే ఒకే బిడ్డకు ఒకచోట గడ్డ, మరోచోట రక్తస్రావం.

ఎక్కువ పొరపాట్లు శాంపిల్ దగ్గరే జరుగుతాయి. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) పోతున్న లైన్ నుంచి తీస్తే ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) ఊరికే పెరుగుతుంది, కాబట్టి విడిగా సూది గుచ్చి తీయండి. మడమ గుచ్చి పిండిన రక్తం ఈ పరీక్షలకు పనికిరాదు. 3.2 శాతం సిట్రేట్ ట్యూబులో 9 పాళ్ల రక్తానికి 1 పాలు సిట్రేట్ ఉండాలి. గీత వరకు నిండకపోతే గడ్డకట్టే సమయాలు తప్పుగా పెరుగుతాయి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55 దాటితే సిట్రేట్ తగ్గించిన ట్యూబు ల్యాబ్‌ను అడగండి. ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడితే ఈడీటీఏ ట్యూబులో గడ్డ ఉందేమో చూసి, స్మియర్ (గాజుపలకపై రక్తం పూసి చూసే పరీక్ష) చేయించండి. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) కనీసం 1 మి.లీ. కావాలి.

ఫలితాన్ని పెద్దవాళ్ల కొలతతో చదవొద్దు. 30 నుంచి 36 వారాల మధ్య పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డకు మొదటి రోజు ఏపీటీటీ 79 సెకన్ల వరకూ ఉండవచ్చు. ఒక్క అంకె కన్నా దిశ ముఖ్యం: ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ తగ్గుతూ పీటీ (గడ్డకట్టే సమయాన్ని కొలిచే మరో పరీక్ష) పెరుగుతుంటే డీఐసీ (ఒళ్లంతా చిన్న గడ్డలు కట్టి, గడ్డకట్టే పదార్థాలు ఖర్చైపోయే స్థితి) అనుకోవాలి. డి డైమర్ (గడ్డ కరిగినప్పుడు రక్తంలో కనిపించే ముక్క) పసివాళ్లలో మామూలుగానే ఎక్కువ, దానొక్కదాన్నీ నమ్మొద్దు.

గడ్డకట్టడాన్ని సరిచేసే అసలు మందు యాంటీఫంగల్. అనుమానం బలంగా ఉంటే కల్చర్ రిపోర్టు కోసం ఆగకండి. సాధారణ ఆంఫోటెరిసిన్ బి డీఆక్సీకోలేట్ రోజుకు కిలోకు 1 మి.గ్రా., 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే. సెలైన్ కలిస్తే అవక్షేపం ఏర్పడుతుంది. లిపోసోమల్ (కొవ్వు బుడగల్లో ఉంచిన) రకం డోసు వేరు. రెండు వయల్స్ తారుమారైతే ప్రాణాపాయం, ఇద్దరు చదివి సరిచూడాలి. పొటాషియం, క్రియాటినిన్ గమనిస్తూ ఉండండి. సెంట్రల్ లైన్‌ను వీలైనంత త్వరగా తీసేయండి. లైన్ అలాగే ఉంచి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే, ఎక్కించినవి ఎక్కించినట్టే కరిగిపోతాయి.

రక్తస్రావం లేని బిడ్డకు 25,000 లోపు పడితేనే ప్లేట్‌లెట్లు, కిలోకు 10 నుంచి 15 మి.లీ. 2019లో వెలువడిన ప్లానెట్ 2 ట్రయల్‌లో 50,000 దగ్గరే ఎక్కించిన నెల తక్కువ బిడ్డల్లో మరణం లేదా పెద్ద రక్తస్రావం 26 శాతం, 25,000 దగ్గర ఎక్కించినవాళ్లలో 19 శాతం. రక్తం కారుతున్నా, ఆపరేషన్ ఉన్నా పరిమితి పైకి జరపాలి. రక్తస్రావంతో పీటీ, ఏపీటీటీ పెరిగితే ఎఫ్‌ఎఫ్‌పీ (గడ్డకట్టే పదార్థాలున్న ప్లాస్మా) కిలోకు 10 నుంచి 15 మి.లీ.; ఫైబ్రినోజెన్ తక్కువైతే క్రయోప్రెసిపిటేట్ (ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉన్న ప్లాస్మా భాగం). అంకె సరిచేయడానికే ఎఫ్‌ఎఫ్‌పీ ఇవ్వొద్దు. విటమిన్ కె పడిందో లేదో కేస్‌షీట్‌లో వెతకండి, చాలాసార్లు మరచిపోయేది అదే.

మందు మొదలయ్యాక కూడా కల్చర్‌లో ఫంగస్ పెరుగుతూ, ప్లేట్‌లెట్లు లేవకపోతే ఎక్కడైనా గడ్డ దాగి ఉందేమో వెతకాలి. ఎకోలో (గుండె స్కాన్) కుడి కర్ణిక, లైన్ కొన ఉన్న చోటు చూడాలి. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు, కాలేయం, మెదడు చూడాలి. కంటి రెటీనా పరీక్ష, నడుము నీరు పరీక్ష కూడా చేయాలి, కానీ ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే నడుము సూది ముందు సీనియర్‌తో మాట్లాడండి. గుండెలో గడ్డ దొరికితే హెపారిన్ నిర్ణయం హెమటాలజిస్టు, కార్డియాలజిస్టు కలిసి తీసుకోవాలి. మెదడులో రక్తస్రావం ఉందో లేదో ముందు తేలాలి.

కల్చర్ నెగెటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు మందు నడవాలి. గుండెలోగానీ మెదడులోగానీ చేరితే ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరిగి మళ్లీ పడితే కల్చర్ తిరిగి పంపి, ఎకో మళ్లీ చేయించండి.