టైఫాయిడ్ రిపోర్టు చదవడం, పథ్యం పెట్టడం

అమలాపురంలో ల్యాబ్‌లో పనిచేస్తాను. టైఫాయిడ్‌కి చేసే విడాల్ అనే రక్తపరీక్ష రిపోర్టు చేతికివ్వగానే అందరూ అడిగేది ఒకటే: "టైఫాయిడ్ ఎంత ఉందండి?" షుగర్‌లా కొలిచేది కాదండీ అది. గాజు పలక మీద మీ సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే నీరు) చుక్క, పక్కనే పరీక్ష మందు చుక్క వేసి, కలిపి ఊపుతాం. టైఫాయిడ్ క్రిమిలో 'ఓ', 'హెచ్' అని రెండు భాగాలకి విడివిడిగా చూస్తాం: 'ఓ'కి నీలం మందు, 'హెచ్'కి ఎర్రది. నిమిషంలో రవ్వరవ్వగా విరిగితే యాంటీబాడీలు, అంటే క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు, ఉన్నట్టు. సీరం వంతు ఎంత తగ్గించినా ఇంకా విరుగుతోందో చెప్పేవే 1:80, 1:160 అంకెలు.

టైఫాయిడ్ తిరిగే ప్రాంతాల్లో ఏ జబ్బూ లేనివాళ్లకీ 1:40, ఒక్కోసారి 1:80 వస్తుంది. జ్వరం వారం దాటి, 'ఓ' 1:160 ఆపైన ఉంటే డాక్టరు గట్టిగా అనుమానిస్తారు. 'హెచ్' ఒక్కటే ఎక్కువుంటే ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ తాలూకుదీ కావచ్చు. మలేరియాలోనూ తప్పుడు పాజిటివ్ వస్తుంది. జ్వరం తగిలిన రెండోరోజే పరుగెత్తుకొస్తే విడాల్ ఏమీ చెప్పదు. మొదటి వారంలో పనికొచ్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష. అదీ యాంటీబయాటిక్ పడకముందే ఇవ్వాలి, ఊళ్లో రెండు ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చాక కాదు. ఏ మందు పనిచేస్తుందో కూడా కల్చరే చెబుతుంది. తగ్గాక మళ్లీ విడాల్ చేయించడం డబ్బు దండగ, యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి.

ఇక తిండి. లంఖణం పరమౌషధమంటూ మనిషిని బ్రెడ్డుముక్క మీద పడేస్తారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. జ్వరానికి కండ కరిగిపోతుంటే కడుపు మాడ్చడమేంటి? మెత్తటి అన్నంలో పెసరకట్టు, సగ్గుబియ్యం జావ, ఉడికించిన గుడ్డు, కారం లేకుండా వండి ముళ్లు తీసిన చేప, బాగా మగ్గిన అరటిపండు కొద్దికొద్దిగా రోజుకి ఐదారుసార్లు పెట్టండి. అంబాజీపేట పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) దొరికితే పండగే, పనసాకు వాసనకి చచ్చిన నోరు కూడా లేస్తుంది. కారప్పచ్చడి మాత్రం వద్దు. ఆవకాయ, పనసపొట్టు కూర, బజ్జీలు, పచ్చి కూరముక్కలు కొన్నాళ్లు ఆగాలి. బొండం అప్పటికప్పుడు కొట్టించి తాగించండి. విరేచనాలుంటే ఓఆర్ఎస్ నీళ్లలో కలిపి తాగించండి.

కాలవ నీళ్లకి పటిక తిప్పితే తేటబడతాయి గానీ టైఫాయిడ్ క్రిమి చావదు. తెర్లకాచాల్సిందే.

మందు మొదలెట్టాక జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు, టెన్షన్ వద్దు. దిగిందని కోర్సు ఆపొద్దు. జ్వరం మొదలైన రెండో, మూడో వారాల్లో పేగుకి చిల్లుపడే ప్రమాదముంది. కడుపు గట్టిపడి భరించలేని నొప్పి వచ్చినా, విరేచనం నల్లగా అయినా, మాట తడబడుతున్నా రాత్రని చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.