మేకలూ కోళ్లూ మనిషికి మాలిమి కావాలంటే

2022 జులైలో గోదారి పొంగినప్పుడు మా లంకలోంచి రాత్రికి రాత్రి పడవ మీద బయటపడ్డాం. ఐదు మేకల్లో మూడు నా వెనకే నడిచొచ్చి పడవెక్కాయి. మిగతా రెండూ సంతలో కొన్నవి, మనిషి కనబడితే చాలు పరిగెత్తే రకం. కొబ్బరితోటలో టార్చిలైటు పట్టుకుని గంటకు పైనే తిరిగితే ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. అప్పట్నుంచి ఇంటికి కొత్త జీవం వస్తే మేత కంటే ముందు మాలిమి సంగతే చూస్తున్నాను.

మేకపిల్ల దగ్గర పని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. పిల్లని తల్లి నుంచి విడదీసి సీసాపాలు పడితేనే మనిషికి అలవాటవుతుందని చాలామంది అనుకుంటారు, అదేం అక్కర్లేదు. ఈనిన గంటలోపే ముర్రుపాలు తల్లి దగ్గరే తాగనివ్వండి, మీరు మాత్రం రోజుకి రెండు మూడుసార్లు పాకలో పీట వేసుకుని కదలకుండా ఓ పది నిమిషాలు కూర్చోండి. మీరు పిల్ల దగ్గరికి వెళ్లకండి, దాన్నే రానివ్వండి. ముందు మీ లుంగీ అంచు వాసన చూస్తుంది, తర్వాత మోకాలి మీద గిట్ట వేస్తుంది, ఆఖరికి వెచ్చటి ఊపిరి తగిలేలా అరచేతిని పెదవులతో తడుముతుంది. మేకకి పైదవడలో ముందు పళ్లుండవు కాబట్టి కరుస్తుందని ఇంట్లో పిల్లలు భయపడక్కర్లేదు, వేళ్లు నోట్లో లోపలికి పెట్టకుండా ఉంటే చాలు.

దువ్వడం గడ్డం కిందో, మెడ పక్కనో, రొమ్ము మీదో చెయ్యండి. నుదుటి మీద చెయ్యి పెట్టి నెట్టకూడదు, కొమ్ములు పట్టుకుని ఆడకూడదు. ఈ విషయంలో ఇంట్లో పిల్లలకి గట్టిగా చెప్పండి. రెండు నెలల పోతుపిల్ల వచ్చి తలతో కుమ్ముతుంటే అందరికీ ముద్దుగానే ఉంటుంది, అదే ఏడాది తర్వాత ముప్పై కిలోల పోతై ముసలమ్మని పడేస్తుంది. దువ్వేటప్పుడే చెవులు, పెదవులు, నాలుగు గిట్టలూ చేత్తో తాకి వదిలేస్తూ ఉండండి. మన తడినేల మీద గిట్టలు అరగవు, రెండు నెలలకోసారైనా కొయ్యాలి, నట్టల మందు పట్టాలి, టీకాలు వేయించాలి. చిన్నప్పట్నుంచి చెయ్యి అలవాటైన మేకని ఒక్కరు పట్టుకుంటే సరిపోతుంది, లేకపోతే ముగ్గురు కావాలి.

మచ్చికకి మేత ఆశ చూపడం మంచిదే, దానికి అవిశాకు రెమ్మని మించింది లేదు. నూకలు, అన్నం, కోళ్ల దాణా దోసిళ్లతో పెట్టకండి, గింజ ఎక్కువైతే కడుపుబ్బి ఒక్క పూటలో చచ్చిపోతుంది. తవుడు ఒక్క చిటికెడు, అదీ పిలిచినప్పుడే. ఇంకో మాట, మేకని ఒంటరిగా పెంచకండి, కనీసం రెండుండాలి. తోడు లేనిది పగలంతా అరుస్తుంది, ఎంత దువ్వినా బెంగ తీరదు.

కోళ్ల లెక్క వేరు. కోడికి చెయ్యి పైనుంచి వచ్చిందంటే గద్ద వచ్చినట్టే. కింద కూర్చుని, చెయ్యి నేలకి ఆనించి, పక్కనుంచి గింజ చూపించండి. మొదటి మూడు నాలుగు రోజులు రావు, తర్వాత ఒక ధైర్యస్తురాలు వస్తుంది, దాన్ని చూసి మిగతావన్నీ వస్తాయి. ఎత్తుకోవాలంటే రెక్కలు రెండు చేతులతో దగ్గరికి నొక్కి, రొమ్ము అరచేతిలో ఆనేలా పట్టుకోండి. కాళ్లు పట్టి తలకిందులుగా మోసే అలవాటు మాత్రం మానెయ్యండి, ఒక్కసారి అలా మోస్తే నెల రోజుల మాలిమి పోతుంది. అసలు పట్టుకోవాల్సి వస్తే పగలు తరమొద్దు, చీకటి పడ్డాక గూట్లోంచి నెమ్మదిగా తియ్యండి. మన వైపు పందెం పుంజుల్ని ఎంత ఓపికగా చేత్తో నిమిరి పెంచుతారో అందరికీ తెలుసు, అందులో సగం ఓపిక గుడ్లు పెట్టే పెట్ట మీద పెడితే అది మీ ఒళ్లో కూర్చుంటుంది. కాకపోతే ఆ జాతి పుంజు మనిషికి ఎంత మాలిమైనా ఇంకో పుంజుని ఒప్పుకోదు, విడిగా కట్టాల్సిందే.

కొత్త కోళ్లు తెస్తే మూడు వారాలు దూరంగా ఉంచండి. కోళ్లని ఊడ్చిపెట్టేసే కొక్కెర రోగం (రాణీఖేత్) ఎక్కువగా సంత నుంచే ఇంటికొస్తుంది. ఆ తర్వాత ఓ వారం పగటిపూట వాటిని గంప కింద కమ్మి పాతవాటి మధ్యే ఉంచితే ఒకదాన్నొకటి చూసుకుంటాయి, అప్పుడు రాత్రిపూట గూట్లో కలపండి. పొడుచుకోవడం రెండు మూడు రోజులుంటుంది, రక్తం రానంతవరకు మధ్యలో వెళ్లకండి.

ఇక లంకల్లో ఉండేవాళ్లకి. ఒక పాత రేకు డబ్బాలో నాలుగు గులకరాళ్లు వేసి, మేత వేసే ప్రతిసారీ ఆడించండి, ఇంకెప్పుడూ ఆడించకండి. జూన్ వచ్చేసరికి ఆ చప్పుడు మీద మేకలు ఏటిగట్టు దాకా నడిచిరావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీరు 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చాక నేర్పడానికి టైముండదు. వీలైతే రేవులో ఉన్న పడవలోకి ఒకటి రెండుసార్లు ఎక్కించి దింపండి. చెక్క మీద తమ గిట్టల చప్పుడుకే మొదటిసారి బెదురుతాయి, రెండోసారో మూడోసారో డబ్బా వినబడితే వాటంతటవే ఎక్కేస్తాయి.