ఘర్షణలతో చితికిన దేశాలకు ప్రభుత్వాలిచ్చే సాయాన్ని పరిశీలించడం ఎలా?

యుద్ధంతోనో, కుప్పకూలిన పాలనతోనో సతమతమవుతున్న దేశానికి ఒక సంపన్న ప్రభుత్వం అభివృద్ధి సాయం ప్రకటిస్తే, వార్తల్లో అందరి కళ్లూ మొత్తం మీదే పడతాయి. ఆ అంకె కన్నా అది ఎవరి చేతుల మీదుగా వెళుతుందన్నదే ముఖ్యం.

ముందుగా అది హామీ ఇచ్చిన మొత్తమా, విడుదలైన సొమ్మా అన్నది తేల్చుకోండి. ప్రధానంగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సాయ కమిటీ గణాంకాల్లో ఈ రెండూ విడివిడిగా దొరుకుతాయి. తమ దేశానికి వచ్చిన శరణార్థుల మీద దాతలు మొదటి 12 నెలల్లో చేసే కొన్ని ఖర్చులను సైతం నిబంధనల ప్రకారం అధికారిక సాయంగా చూపవచ్చు కాబట్టి, సాయం పెరిగిందన్నంత మాత్రాన బాధిత దేశానికి ఎక్కువ చేరిందని అనుకోకూడదు.

ఆ తర్వాత దారి చూడాలి. డబ్బు ఆ దేశ బడ్జెట్‌లోకి వెళుతోందా, ఐక్యరాజ్య సమితి సంస్థలకా, స్వచ్ఛంద సంస్థలకా, దాత దేశపు కాంట్రాక్టర్లకా? అఫ్గానిస్థాన్‌లో 2002లో ఏర్పాటై ప్రపంచ బ్యాంకు నిర్వహించిన పునర్నిర్మాణ నిధి ఇందుకు మంచి ఉదాహరణ. పలు దేశాల సొమ్మును ఒకచోట చేర్చి ఉపాధ్యాయులు, ఇతర ప్రభుత్వోద్యోగుల జీతాలకు ఇచ్చేవారు. అయితే ప్రభుత్వం ముందు ఖర్చు చేసి లెక్క చూపాలి, స్వతంత్ర తనిఖీదారు ఒప్పుకున్న పద్దులకే డబ్బు తిరిగి వచ్చేది. నా దృష్టిలో ఈ పద్ధతి విలువైనది, ఎందుకంటే జీతం చెల్లించే పని మంత్రిత్వ శాఖ చేతుల్లోనే ఉంటుంది. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారంలోకి రాగానే ఆ చెల్లింపులు ఆగిపోయాయి. ఆరోగ్య సేవలను అప్పటికే స్వచ్ఛంద సంస్థలు నడుపుతుండడంతో, ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారా వాటికి మళ్లీ నిధులు అందించగలిగారు. అందువల్ల ఏ ప్రాజెక్టు పత్రం చదివినా, రేపు ప్రభుత్వం మారిపోతే నర్సు జీతం ఎవరిస్తారని తప్పక అడగండి.

ప్రభుత్వం మీద నమ్మకం లేనప్పుడు దాన్ని పూర్తిగా పక్కన పెట్టడమొక్కటే మార్గం కాదు. లైబీరియాలో 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం కీలకమైన ప్రభుత్వ సంస్థల్లో విదేశీ ఆర్థిక నిపుణుల సంతకం కూడా ఉంటేనే ఖర్చుకు వీలయ్యేది. అటువంటి కట్టడి ఎప్పుడు, ఏ షరతు మీద ఎత్తివేస్తారో పత్రంలో రాసి ఉందా అన్నది చూడండి.

క్షేత్రానికి వెళ్లి చూసేదెవరు? భద్రతా కారణాలతో దాత దేశపు అధికారులు గడప దాటలేని చోట స్థానిక పరిశీలకులను నియమిస్తారు. వారు ఎన్నిసార్లు వెళ్లారో, వారి నివేదిక బయటపెట్టారో లేదో కనుక్కోండి. బడి భవనం ఫొటో చాలదు, టీచరు ఉన్నారా, మరమ్మతు ఖర్చు ఎవరిదో తెలియాలి. అమెరికా 2008లో నెలకొల్పిన అఫ్గాన్ పునర్నిర్మాణ ప్రత్యేక తనిఖీ కార్యాలయం, కట్టి వాడకుండా వదిలేసిన భవనాలను పదేపదే ఎత్తిచూపింది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, సాయమే తగవు పెంచుతుందా అన్నది. బావి ఎవరి భూమిలో పడింది, కాపలా ఉద్యోగాలు ఏ వర్గానికి దక్కాయి, సరుకు లారీలు దాటే చెక్‌పోస్టు ఎవరి ఆధీనంలో ఉంది? ఈ మూడింటికీ జవాబు లేని ప్రాజెక్టును, దాని ఉద్దేశం ఎంత మంచిదైనా, సిద్ధమైనట్టు లెక్కించలేం.

చివరిగా గడువు. ఒక దేశపు పాలనా సంస్థలు నిలదొక్కుకోవడానికి ఎంత వేగంగా సాగినా ఒక తరం పడుతుందని ప్రపంచ బ్యాంకు 2011 నివేదిక చెప్పింది. మూడేళ్ల ప్రాజెక్టు అయితే నాలుగో ఏడాది బడ్జెట్ ఎక్కడిదని దాత దేశపు పార్లమెంటు కమిటీకి లేఖ రాయండి. బ్రిటన్‌లోనైతే 2011 నుంచి సాయాన్ని సమీక్షిస్తున్న స్వతంత్ర కమిషన్ నివేదికలు నేరుగా పార్లమెంటుకే వెళతాయి.